చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం

కలరా మీద కలకత్తా, ఢాకాల్లో జరిగిన పరిశోధన జర్నల్ పేజీలు దాటి తల్లుల చేతికి అందడానికి దశాబ్దాలు పట్టింది. పత్రం అచ్చు కావడం వేరు, విషయం జనానికి చేరడం వేరు. ఆ మధ్య దూరాన్ని నడిచినవాళ్ల కథ ఇది.

1971 జూన్ చివరి వారం. తూర్పు పాకిస్తాన్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్ సరిహద్దు పట్టణం బన్‌గావ్ కిక్కిరిసిపోయింది. యుద్ధం, వాన, బురద, వాటి వెనకే కలరా. స్థానిక ఆస్పత్రిలో కలరా రోగులకు ఉన్నవి రెండే గదులు. మంచాలు చాలక నేల మీదే పడుకోబెట్టారు. ఒక్కరికి సెలైన్ ఎక్కించాలన్నా డాక్టరు మలం, వాంతుల మధ్య మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే. కలకత్తాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన పిల్లల వైద్యుడు దిలీప్ మహలనబిస్‌కు రెండు రోజుల్లోనే పరిస్థితి అర్థమైంది. ఈ యుద్ధంలో ఓడిపోతున్నాం. సెలైన్ సీసాలు నిండుకుంటున్నాయి. నరానికి సూది గుచ్చి సెలైన్ పెట్టడం వచ్చినవాళ్లు తన బృందంలో ఇద్దరే.

దాంతో ఆయన అప్పటి వైద్య పుస్తకాలు ఒప్పుకోని పని చేశారు. లీటరు నీళ్లలో 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా కలిపి డ్రమ్ముల్లో నింపించారు. డ్రమ్ములకు కుళాయిలు బిగించారు. రోగి పక్కన ఉన్న తల్లికో అన్నకో ఒక మగ్గు ఇచ్చి, పట్టుకొచ్చి తాగిస్తూ ఉండమన్నారు. ఎంత తాగించాలి? దాహం తీరేదాకా. నర్సు పని, డాక్టరు పని, సూది పని చాలావరకు ఒక మగ్గు చేసింది.

శరణార్థి శిబిరాల్లో అప్పటిదాకా కలరా సోకినవారిలో 30 శాతం దాకా చనిపోతున్నారు. బన్‌గావ్‌లో రెండు నెలల్లో చేరిన దాదాపు 3,700 మంది రోగుల్లో మరణాలు 3.6 శాతానికి దిగాయి. సరుకు ఖర్చు లీటరుకు 11 పైసలు.

మహలనబిస్‌కు ఈ ఘనత ఆలస్యంగా దక్కింది. 2022 అక్టోబరులో ఆయన కన్నుమూశాకే పద్మవిభూషణ్ వచ్చింది. అయితే ఆ నీళ్ల వెనక ఉన్న సూత్రం ఆయన కనిపెట్టింది కాదు. అది అప్పటికే అచ్చయి ఉంది. ఒకసారి కాదు, పలుసార్లు. అవన్నీ ప్రపంచంలో పేరున్న జర్నళ్లే. అచ్చయిన విషయం బన్‌గావ్ ఆస్పత్రి నేల మీదికి రావడానికి అన్నేళ్లు ఎందుకు పట్టిందన్నదే అసలు ప్రశ్న. తన పరిశోధన నలుగురికీ తెలియాలని కోరుకునే ఏ పరిశోధకుడికైనా, పరిశోధకురాలికైనా ఈ ప్రశ్నతో పని ఉంది.

వెనక్కి వెళ్తే 1953. కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ చటర్జీ కలరా సోకిన 186 మందికి ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు నోటితోనే పట్టించి నయం చేశానని 'లాన్సెట్'లో రాశారు. వాంతులు ఆగడానికి ఒక మాత్ర, విరేచనాలకు వామాకు రసం వాడారు. పత్రం అచ్చయింది, ఎవరూ కదల్లేదు. పోల్చి చూడటానికి మరో రోగుల గుంపు లేదు, లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చిందన్న లెక్క లేదు. ఉప్పు, గ్లూకోజు కలిస్తే ఎందుకు పనిచేస్తుందో చెప్పే శాస్త్రమూ అప్పటికి లేదు. వామాకు రసం సంగతి పాశ్చాత్య పాఠకులకు ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆరేళ్ల తర్వాత అదే నగరంలో శంభునాథ్ దే. కలరా క్రిమి రక్తంలోకి చొరబడి చంపదని, అది విడుదల చేసే విషమే పేగులో నీళ్లు ఊరేలా చేస్తుందని కుందేలు పేగులతో ఆయన నిరూపించారు. 1959లో 'నేచర్'లో వచ్చిన ఆ పత్రం ఇప్పుడు వైద్యచరిత్రలో మైలురాయి. అప్పట్లో మాత్రం దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. దే స్వభావరీత్యా మితభాషి. సభలకు, సంఘాలకు దూరం. 1978లో కలరాపై నోబెల్ ఫౌండేషన్ ఏర్పాటు చేసిన సదస్సుకు పిలుపు వచ్చేదాకా స్వదేశంలో ఆయన్ని పలకరించినవాళ్లే లేరు. 1985లో ఆయన పోయారు. ఏ పత్రాన్ని ఎవరు ఎన్నిసార్లు ఉటంకించారో లెక్కగట్టే విద్యకు ఆద్యుడైన యూజిన్ గార్ఫీల్డ్ 1986లో ఆయన గురించి ప్రత్యేకంగా రాశారు. 1990లో 'కరెంట్ సైన్స్' ఆయన స్మృతిలో ప్రత్యేక సంచిక తెచ్చింది. దేశంలోని ఏ సైన్స్ అకాడమీ మాత్రం బతికుండగా ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకోలేదు.

ఆ తర్వాత పేగు గోడ రహస్యం బయటపడింది. సోడియంను లోపలికి తీసుకునే ద్వారాలు కొన్ని గ్లూకోజు తోడుంటేనే తెరుచుకుంటాయి. కలరా వచ్చినా అవి పాడవవు. ఉప్పు, గ్లూకోజు జంటగా లోనికి పోతే వాటి వెనకే నీళ్లూ పోతాయి. ఈ సూత్రం ఆధారంగా ఢాకాలోని కలరా పరిశోధనశాలలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్, వారి బెంగాలీ సహచరులు 1968లో పెద్దల మీద ప్రయోగం చేసి మళ్లీ 'లాన్సెట్'లోనే ప్రచురించారు. ఈసారి లెక్కలన్నీ పక్కాగా ఉన్నాయి. అయినా డాక్టర్లు నమ్మలేదు. సూదితో ఎక్కించేదే అసలు వైద్యం, తాగించేది నాటువైద్యం అన్న భావన అంత బలమైనది. (ఇప్పటికీ మన పల్లెల్లో 'సూది వేయని డాక్టరు'కి విలువ తక్కువే.)

బన్‌గావ్‌లో జరిగిన తేడా ఏమిటంటే, మహలనబిస్ బృందం పత్రం కోసం ఆగలేదు. కలకత్తాలో తమ కేంద్రం లైబ్రరీ గదినే కార్ఖానాగా మార్చారు. ఒకరు గ్లూకోజు తూచడం, ఇంకొకరు ఉప్పు, మరొకరు సోడా. పాలిథిన్ సంచిలో పోసి, బట్టల ఇస్త్రీపెట్టె కాల్చి అంచు అతికించడం. పైన ఎలా కలపాలో చెప్పే చీటీ. జీపులో బన్‌గావ్‌కు. పేరులో కూడా ఒక ఎత్తు ఉంది. దాన్ని 'నోటి సెలైన్' అన్నారు. సెలైన్ అంటే సిబ్బందికి గురి, రోగులకు గురి. ఆ మాటే వాళ్లు గ్లాసును నమ్మడానికి సాయపడింది. కలిపే విధానం మీద ఒక కరపత్రం వేశారు. అది చేతులు మారి బంగ్లాదేశ్ విముక్తి ఉద్యమం నడిపే రహస్య రేడియోకు చేరింది. వాళ్లు చదివి వినిపించారు. సరిహద్దుకు అవతల, ఏ డాక్టరూ లేని ఊళ్లలో ఆ మాటలు వినిపించాయి. శిబిరాన్ని చూడటానికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధికారి ధీమన్ బారువా వెనక్కి వెళ్లి దీని తరఫున వాదించడం మొదలెట్టారు.

పరిశోధక పత్రం వచ్చింది 1973లో, జాన్స్ హాప్కిన్స్ మెడికల్ జర్నల్‌లో. అంటే కరపత్రం ముందు, రేడియో ఆ తర్వాత, జర్నల్ ఆఖరున. విద్యాలోకం నేర్పే వరస దీనికి సరిగ్గా తలకిందులు. అమెరికాలోని 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' సంపాదకుడు ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్ 1969లోనే ఒక నియమం పెట్టారు: వేరేచోట ముందే బయటపెట్టిన ఫలితాలను మేం వేసుకోం. చాలా జర్నళ్లు అదే బాట పట్టాయి. పేపరు పడేదాకా నోరు విప్పొద్దని గైడ్లు విద్యార్థులకు చెప్పడం వెనక ఆ భయమే ఉంది. 1971లో బన్‌గావ్‌లో ఎవరైనా ఆ నియమం పాటించి ఉంటే ఏం జరిగేదో వేరే చెప్పనక్కర్లేదు.

లాన్సెట్ మాట మార్చింది. ఉప్పుకీ గ్లూకోజుకీ ఉన్న ఆ పొత్తు కనిపెట్టడం బహుశా ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్యపురోగతి కావచ్చని 1978లో సంపాదకీయం రాసింది. అదే ఏడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిసార నివారణకు ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. ప్యాకెట్లు తయారయ్యాయి. ఆస్పత్రి ఉన్నచోటికి, రోడ్డు ఉన్నచోటికి ప్యాకెట్ వెళ్తుంది. బంగ్లాదేశ్‌లో అప్పటికి చాలా ఊళ్లకు రోడ్డు లేదు. వర్షాకాలంలో పడవే గతి.

కథలో అసలు రుచి ఇక్కడే ఉంది. ఫజ్లే హసన్ అబేద్ 1972లో స్థాపించిన 'బ్రాక్' అనే స్వచ్ఛంద సంస్థ 1979లో సిల్హెట్ ప్రాంతంలోని సుల్లాలో ఒక చిన్న ప్రయోగం చేసింది. ప్యాకెట్ లేకుండా ఇంట్లో ఉన్నవాటితోనే ఆ నీళ్లు తల్లి కలపగలదా? గ్లూకోజు బదులు బెల్లం. తూకం రాళ్ల బదులు చేతివేళ్లు. మూడు వేళ్లతో తీసిన చిటికెడు ఉప్పు, ఒక పిడికెడు బెల్లం, అరసేరు నీళ్లు. బెంగాలీలో 'లోబోన్-గుర్'. ప్రయోగశాలలో గ్రాముల్లో ఉన్న సూత్రాన్ని చేతివేళ్ల భాషలోకి మార్చడం తేలికగా కనిపిస్తుంది కానీ కాదు. ఎవరి చిటికెడు ఎంత? ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకు ప్రాణం మీదికొస్తుంది. అందుకే రకరకాల చేతుల చిటికెళ్లు తూచి చూశారు. ఒక్కో ఇంట్లో ఒక్కో గిన్నె కాబట్టి ఆ ఇంటి గిన్నె మీదే అరసేరు నీళ్ల దగ్గర గుర్తు పెట్టారు.

1980లో దేశమంతటా మొదలుపెట్టారు. ఊళ్లో బస చేసిన మహిళా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, తల్లి ఎదుట కూర్చుని, గుర్తుంచుకోవాల్సిన పది విషయాలు చెప్పి, ఆమె చేతే కలిపించేవాళ్లు. తర్వాత పది విషయాలు ఏడయ్యాయి. చదువురాని తల్లి మనసులో పది నిలవడం కష్టమని తేలింది మరి.

జీతం లెక్క వింటే మన విశ్వవిద్యాలయాల వాళ్లు ఉలిక్కిపడతారు. ఎన్ని ఇళ్లు తిరిగారన్నదానికి డబ్బు లేదు. కొన్ని వారాల తర్వాత వేరొక పర్యవేక్షకుడు వచ్చి, చీటీలు తీసినట్టు కొన్ని ఇళ్లు ఎంచుకుని, తల్లికి ఎంత గుర్తుందో అడిగి, ఆమె కలిపిన నీళ్ల నమూనా పరీక్షకు తీసుకెళ్లేవాడు. తల్లికి అన్నీ గుర్తుండి నీళ్లు సరిగ్గా కలిపితే 'ఎ' శ్రేణి, కార్యకర్తకు నాలుగు టాకాలు. 'బి'కి రెండు, 'సి'కి ఒకటి, 'డి'కి సున్నా. అంటే చెప్పినందుకు కాదు కూలి, అవతలివాళ్లకు ఎక్కినందుకు.

అయినా మొదట్లో దెబ్బతిన్నారు. తల్లులకు పాఠం బ్రహ్మాండంగా వచ్చింది. పరీక్షల్లో మంచి మార్కులు. పిల్లాడికి విరేచనాలైతే వాడుతున్నారా అని చూస్తే నూటికి ఆరుగురో ఎంతమందో. ఎక్కడ తప్పు జరిగింది? తవ్వితే రెండు మూడు సంగతులు బయటపడ్డాయి. కార్యకర్తలనే నిలదీశారు: మీకు విరేచనాలైనప్పుడు మీరెంతమంది ఈ నీళ్లు తాగారు? చాలామంది తాగలేదు. తాము నమ్మనిదాన్ని తల్లులకు నమ్మకంగా చెప్పడం ఎవరివల్లా కాదు. వాళ్లను ఢాకాలోని అతిసార పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లి, పేగులో ఏం జరుగుతుందో, కళ్లు లోతుకుపోయిన రోగి గంటల్లో ఎలా లేచి కూర్చుంటాడో చూపించారు.

రెండోది మగవాళ్లు. బజారు నుంచి మందు తెచ్చేది వాళ్లే. వాళ్లకు ఒక్కమాటా చెప్పకుండా ఆడవాళ్లకే చెప్పి వచ్చారు. దాంతో సంతలో, బడిలో, మసీదు దగ్గర కూడా చెప్పడం మొదలుపెట్టారు. మూడోది మాట. డాక్టరు 'డయేరియా' అనేదాన్ని పల్లెలో తల్లి నాలుగు రకాలుగా చూస్తుంది. తల్లిపాలు పడక వచ్చేది ఒకటి, అజీర్ణం వల్ల వచ్చేది ఇంకొకటి, జిగటగా పోయేది మరొకటి. నీళ్లలా పోయే భయంకరమైనదే ఆమె దృష్టిలో 'డయేరియా'. లోబోన్-గుర్ ఆ నాలుగోదానికే అని ఆమె అనుకుంది. మిగతా మూడింటికీ వాడలేదు. మనింట్లో 'పళ్లొచ్చేటప్పుడు మామూలే' అని వదిలేసే విరేచనాలు, 'లంఖణం పరమౌషధం' అని పసివాడికి నీళ్లు కూడా ఆపేసే పెద్దలు గుర్తొస్తే ఇది దూరపు సంగతి కాదని తెలుస్తుంది.

పదేళ్లలో కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు వెళ్లారు. తప్పులతో సహా ఇదంతా బ్రాక్ పరిశోధకుడు ముష్తాక్ చౌధురీ, 1968 నాటి ఢాకా ప్రయోగంలో ఉన్న రిచర్డ్ క్యాష్ కలిసి 1996లో పుస్తకంగా రాశారు. లాన్సెట్ పత్రం రాసిన చేత్తోనే పల్లె తల్లి మాటలూ నమోదు చేసిన అరుదైన శాస్త్రవేత్త క్యాష్. 2024లో మరణించారు. తల్లికి చెప్పిన తీరే వాళ్లకు కొత్త పరిశోధనాంశం అయింది. చిన్నప్పుడు ఇంట్లో ఈ పాఠం విన్న తరమే ఇవాళ బంగ్లాదేశ్‌లో తల్లుల తరం. అక్కడ అతిసారం వచ్చిన పిల్లల్లో 70 శాతానికి పైగా ఓఆర్‌ఎస్ అందుతోంది.

అలాగని జర్నల్‌ను పక్కన పెట్టి ముందే మైకు పట్టుకోవడం మంచిదని కాదు. 2020 జనవరి ఆఖరున ఢిల్లీ పరిశోధకుల ముసాయిదా పత్రం ఒకటి ఇంటర్నెట్‌లోకి వచ్చింది. కొత్త కరోనా వైరస్‌లో హెచ్‌ఐవీని పోలిన ముక్కలున్నాయన్నది దాని సారాంశం. తోటి శాస్త్రవేత్తలు లోపాలు ఎత్తిచూపడంతో రెండు మూడు రోజుల్లోనే రచయితలు వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే అది ప్రపంచం చుట్టి వచ్చింది. వైరస్‌ను మనుషులే తయారుచేశారనే వాదనకు ఆ పత్రాన్ని చూపించడం తర్వాత కూడా ఆగలేదు. మహలనబిస్ తొందరపడలేదా అంటే, ఆయన చేతిలో 1968 నాటి ఢాకా లెక్కలు, కలకత్తా కేంద్రంలో జరిగిన పని ఉన్నాయి. తెలియనిదాన్ని ఆయన ప్రచారం చేయలేదు. తెలిసిందాన్ని కదిలించారు.

అదే 2020లో మరో పని కూడా జరిగింది. దేశంలోని వందలాది శాస్త్రవేత్తలు స్వచ్ఛందంగా ఒక బృందంగా ఏర్పడి కోవిడ్ గురించిన అపోహలకు జవాబులు, వివరణలు అనేక భారతీయ భాషల్లో తయారుచేశారు. లాక్‌డౌన్‌లో ల్యాబులు మూతపడి తీరిక దొరికింది కాబట్టి సాధ్యమైందని సరదాగా అనుకోవచ్చు. కానీ మామూలు రోజుల్లో అలాంటి పనికి తీరిక ఎందుకు ఉండదన్నది సరదా ప్రశ్న కాదు.

కారణం తెలిసిందే. మన విశ్వవిద్యాలయాల్లో పదోన్నతికి పత్రాలు, ప్రాజెక్టులు, పీహెచ్‌డీలు లెక్కకొస్తాయి. యూజీసీ 2010లో తెచ్చిన పాయింట్ల పద్ధతి ఆ లెక్కను ఇంకా బిగించింది. తెలుగు పత్రికలో రాసిన వ్యాసానికి, రైతుల సభలో చేసిన ప్రసంగానికి, రేడియో ముచ్చటకి దక్కేది చప్పట్లే. తోటి అధ్యాపకుల నుంచి 'ఆయనకు పబ్లిసిటీ పిచ్చి' అన్న బిరుదు అదనం. శాస్త్రవేత్తలు ఏడాదికి కనీసం పది పనిదినాలు సమాజానికి కేటాయించాలని కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. అదే శాఖ కింద 1989 నుంచి సైన్సును జనభాషల్లోకి తేవడానికి పనిచేసిన 'విజ్ఞాన్ ప్రసార్'ను 2023లో మూసేశారు. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడమంటే ఇదే.

పైసలెక్కడ ఉన్నాయో చూస్తే ప్రాధాన్యాలు తెలుస్తాయి. 'ఒకే దేశం, ఒకే చందా' పథకానికి 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 జర్నళ్లు, 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు, 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. చిన్న ఊరి డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు కూడా ఖరీదైన జర్నల్ చదవగలగడం చిన్న విషయం కాదు. కానీ ఇది శాస్త్రవేత్త రాసింది మరో శాస్త్రవేత్త చదవడానికి పెట్టే ఖర్చు. శాస్త్రవేత్త రాసింది తల్లికి, రైతుకి, ఊరి ఆర్‌ఎంపీకి తెలియడానికి పెట్టే ఖర్చు ఏ పద్దులో ఉందో వెతకాలి. పీహెచ్‌డీ విద్యార్థులు తమ పరిశోధనను మామూలు మాటల్లో కథనంగా రాస్తే బహుమతి ఇచ్చే 'అవ్‌సర్' పోటీ 2018లో మొదలైంది. మొదటి బహుమతి లక్ష రూపాయలు. మంచి ఆలోచనే. రాయడం వచ్చినవాళ్లు బయటపడతారు. కానీ పోటీ గెలిచిన వ్యాసం కూడా చివరికి కాగితమే. సుల్లాలోలాగా అవతల ఎవరికి ఎక్కిందో చూసేవాళ్లు లేరు.

కాబట్టి ఇప్పటిదాకా జరిగిందంతా మనుషుల సొంత చొరవ మీదే జరిగింది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ కథల పోటీకి కృష్ణబిలం మీద కథ పంపారు. తన పేరు చూసి బహుమతి ఇస్తారేమోనని పొడి అక్షరాలు తిరగేసి మారుపేరు పెట్టుకున్నారు. బహుమతి వచ్చింది. 2025 మేలో మరణించేదాకా మరాఠీలో రాయడం ఆపలేదు. ఆటోగ్రాఫ్ అడిగిన పిల్లలకు సంతకం పెట్టేవారు కాదు. పోస్టుకార్డు మీద ఒక ప్రశ్న రాసి పంపండి, జవాబు కింద సంతకం ఉంటుందనేవారు. ముంబైలో భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ 2012లో చనిపోయేదాకా విశ్వం గురించి, జీవపరిణామం గురించి ఇంటి భాషలో తెలుగులో రాశారు. సీసీఎంబీ మాజీ డైరెక్టరు డి.బాలసుబ్రమణియన్ హైదరాబాద్ నుంచి దశాబ్దాలుగా పత్రికలో సైన్సు శీర్షిక నడిపారు. 1997లో ఆయనకు యునెస్కో కళింగ బహుమతి వచ్చింది. అంతకు ముందు ఏడాది అది నార్లీకర్‌కు దక్కింది. ఇద్దరూ అప్పటికే తమ రంగాల్లో పేరు, పదవి ఉన్నవాళ్లు. పాతికేళ్ల పరిశోధక విద్యార్థికి ఆ రక్షణ లేదు.

ఇంతకీ ఆ నీళ్ల సంగతి ఇప్పుడేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో అతిసారం వచ్చిన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది దాదాపు 60 శాతానికి. ఆశా కార్యకర్తలు ప్యాకెట్లు ఇస్తున్నారు, 2014 నుంచి ఏటా ప్రత్యేక ప్రచారాలు జరుగుతున్నాయి. అయినా బన్‌గావ్ జరిగిన యాభై ఏళ్లకు, బన్‌గావ్ ఉన్న దేశంలోనే, పదిమందిలో నలుగురికి అందలేదు. ప్రపంచంలో ఏటా నాలుగు లక్షలమందికి పైగా అయిదేళ్లలోపు పిల్లలు ఇప్పటికీ అతిసారంతో చనిపోతున్నారు.

డాక్టర్లకు తెలియకనా? 2024 ఫిబ్రవరిలో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని నేరుగా పరీక్షించింది. కర్ణాటక, బీహార్‌లలో 253 పట్టణాల్లో 2,282 మంది ప్రైవేటు వైద్యుల దగ్గరికి శిక్షణ పొందిన నటులను పంపారు. ఇంట్లో రెండేళ్ల బిడ్డకు విరేచనాలని వాళ్లు చెప్పాలి. కొందరు ఓఆర్‌ఎస్ కావాలని చెబుతారు, కొందరు యాంటీబయాటిక్ అంటారు, కొందరు ఏమీ అనరు. కొన్ని దుకాణాలకు పరిశోధకులే ఓఆర్‌ఎస్ సరఫరా చేసి కొరత లేకుండా చూశారు. ఓఆర్‌ఎస్ రాయకపోవడానికి సరుకు లేకపోవడం 6 శాతమే కారణం, లాభం యావ 5 శాతమే. పెద్ద కారణం, 42 శాతం, వచ్చినవాళ్లకు ఓఆర్‌ఎస్ ఇష్టం ఉండదన్న డాక్టరు ఊహ. అడిగినవాళ్లకు మాత్రం రాసిచ్చారు. ఆ ఒక్క మాటతో రాసేవాళ్లు 27 శాతం పాయింట్లు పెరిగారు. డాక్టరుకి తెలుసు, తల్లికి కూడా చాలాచోట్ల తెలుసు. అవతలివాళ్లకు అక్కర్లేదని ఇద్దరూ అనుకుంటున్నారు. సుల్లా కార్యకర్తలు తాగని నీళ్ల కథే మళ్లీ.

జనానికి చేరిన మాటకు ఇంకో గండం ఉంది. ఓఆర్‌ఎస్ అన్న మూడక్షరాలకు అంత పేరు వచ్చాక వాటిని వ్యాపారం వాడుకుంది. మందుల దుకాణాల్లో, ఆస్పత్రుల పక్కన, పళ్లరసం డబ్బాల రూపంలో, పేరులో ఓఆర్‌ఎస్ ఉన్న తీపి పానీయాలు అమ్ముడయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన సూత్రంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు. ఈ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. చక్కెర మరీ ఎక్కువైతే పేగు నీళ్లను లోపలికి లాగదు, ఒంట్లోంచి పేగులోకి లాగుతుంది. అంటే విరేచనాలు ఆపాలని తాగించింది వాటిని పెంచుతుంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్ కాదని రాసి ఉంటే చాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో, మళ్లీ 2024 ఫిబ్రవరిలో వీలు కల్పించింది.

దీని మీద పోరాడింది హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్. దాదాపు ఎనిమిదేళ్లు. తన దగ్గరికి వచ్చే పిల్లలకు ఓఆర్‌ఎస్ రాసిస్తే తల్లిదండ్రులు ఏం కొంటున్నారో చూసి ఆమె మొదలుపెట్టారు. డబ్బా చేతిలో పట్టుకుని వీడియోలు చేశారు. అధికారులకు లేఖలు రాశారు. 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2025 అక్టోబరు 14న ఆ సంస్థ పాత అనుమతులు ఉపసంహరించుకుంది. సూత్రం ప్రకారం లేని ఏ పానీయం పేరులోనూ ఓఆర్‌ఎస్ అన్న మాట ఉండకూడదంది. ఆదేశం వచ్చాక ఆమె కన్నీళ్లతో మాట్లాడిన వీడియో లక్షలమంది చూశారు.

ఆ వీడియోతోపాటు జనం ఇంకో విషయం కూడా విన్నారు. అసలు ప్యాకెట్ కొన్నాక దాన్ని లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, సగం ఇప్పుడు సగం రేపు కాదు. గ్లాసులో కాస్త పొడి వేసి కలిపితే ఉప్పు లెక్క తప్పుతుంది. లీటరు కొలిచే పాత్ర లేని ఇంట్లో ఎలా? ఖాళీ లీటరు నీళ్ల సీసాతో కొలవొచ్చు. నలభై అయిదేళ్ల కిందట సుల్లాలో గిన్నె మీద గుర్తు పెట్టింది కూడా ఇందుకే.